కర్రలు కాలేదాకా

మార్పుకు అడ్డుపడేవాళ్లకు అసలు విషయం అర్థం కాలేదనుకోవడం మనకు అలవాటు. పాత ఉదంతాలు తిరగేస్తే అలా అనిపించదు. చాలాచోట్ల అర్థమయ్యే ఉంటుంది. కాకపోతే పాత పద్ధతిని నమ్ముకుని ఎవరిదో కొలువో, పరువో నడుస్తుంటుంది.

ఇంగ్లండ్ ఖజానాలో 12వ శతాబ్దం నాటికే కర్రల మీద గాట్లు పెట్టి లెక్క రాసేవారు. వెయ్యి పౌండ్లకు అరచేయంత వెడల్పు గాటు. వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌండుకు బార్లీ గింజంత. పెన్నీకైతే చెక్క తీయకుండా ఉత్త గీత. తర్వాత కర్రను నిలువునా చీల్చి, పొడుగు సగం డబ్బు కట్టినవాడికి ఇచ్చి, రెండోది ఖజానాలో ఉంచుకునేవారు. రెండూ పక్కపక్కన పెడితే గాట్లు కలవాలి. చదువు రానివాడు కూడా వేలితో తడిమి లెక్క సరిచూసుకోవచ్చు. మొదట్లో ఇది మొండితనం కాదు, మంచి ఉపాయం. ఎగతాళి చేసేవాళ్లు ఈ మాట మరిచిపోతారు.

కాగితం వాడుక పెరిగింది, 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వచ్చింది. కర్రలు మాత్రం పోలేదు. 1780లలో పార్లమెంటు వాటిని రద్దు చేస్తూ చట్టం చేసింది గానీ, అందులో ఒక మెలిక పెట్టింది. ఈ కర్రల లెక్క చూసే కొలువుల్లో ఉన్న ఛాంబర్లేన్లు, అంటే ఖజానా అధికారులు, చనిపోయేదాకో, తప్పుకునేదాకో పాత పద్ధతి సాగుతుంది. అలా సాగి సాగి 1826లో ఆగింది. మిగిలిన పాత కర్రల్ని వదిలించుకుందామని 1834 అక్టోబర్ 16న రెండు బండ్ల కర్రలు పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ కింద ఉన్న పొయ్యిల్లో వేశారు. ఆ సాయంత్రానికి మంటలు లేచి రెండు సభలూ తగలబడ్డాయి.

కొలువు పోదని తెలిసినా పరువు అడ్డొస్తుంది. అమెరికా నౌకాదళంలో విలియం సిమ్స్ అనే అధికారి 1900 ప్రాంతంలో బ్రిటిష్ అధికారి పెర్సీ స్కాట్ దగ్గర కొత్త పద్ధతి చూశాడు. ఓడ ఎంత ఊగినా ఫిరంగి గురి తప్పకుండా సర్దుతూనే ఉండటం. వాషింగ్టన్‌కు నివేదిక మీద నివేదిక పంపితే ముందు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత పరీక్ష జరిపి, కుదరని పని అని తేల్చారు. ఆ పరీక్ష జరిపింది నేల మీద! ఊగే ఓడ మీద ఫిరంగి జడత్వమే దాన్ని నిలకడగా ఉంచడానికి చూస్తుంది, మనిషి కాస్త సాయం పడితే చాలు. నేల మీదైతే ఆ బరువంతా మనుషులే ఎత్తి దించాలి. విసిగిపోయిన సిమ్స్ 1901లో పైఅధికారులందరినీ దాటి నేరుగా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది గురి అభ్యాసానికి ఇన్‌స్పెక్టర్‌గా ఆయన్నే వేశారు.

అలాగని ప్రతి ఆలస్యాన్నీ ఆఫీసు నెత్తిన రుద్దలేం. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ 1747లో స్కర్వీ (సి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) పట్టిన 12 మంది నావికులకు ఇద్దరేసి చొప్పున రకరకాల మందులిచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే తొందరగా కోలుకున్నారు. అయినా బ్రిటిష్ నౌకాదళం అర్ధ శతాబ్దం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుందని తిడతాం. కానీ రసాన్ని వేడిచేసి చిక్కబరిచి నిల్వ చేయమన్నది లిండే. ఆ వేడికి అందులో గుణం పోయింది, వాడినవాళ్లకు ఫలితం కనిపించలేదు. ఆయన 1794లో పోయాడు. నావికులకు నిమ్మరసం ఇవ్వాలని నౌకాదళం నిర్ణయించింది 1795లో.