సైడు బీ చివర్లో మిగిలిన జాగా

సినిమా పాట కాకుండా ఇంకేదైనా మంచి పాట చెప్పండి అని ఎవరైనా అడిగితే మన గోదారి జిల్లాల్లో కూడా చాలామంది తడుముకుంటారు. పాడేవాళ్ళు లేక కాదండి. అమలాపురం వైపు, భీమవరం వైపు, కాకినాడలో ఇంట్లోనే మైకు పెట్టుకుని సొంతంగా రాసుకుని పాడుకుని యూట్యూబులో పెట్టే పిల్లలు ఉన్నారు, బాగా పాడుతున్నారు కూడా, వాళ్ళ పేర్లే మన నోటికి రావు. ఇలా ఎందుకైందో తెలియాలంటే ఆనకట్ట దాకా వెనక్కెళ్ళాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి పండింది, పంట ఇంటికొచ్చాక చేతిలో నాలుగు డబ్బులూ కాస్త తీరికా మిగిలాయి, ఆ తీరిక మీదే హరికథలూ నాటకాలూ సన్నాయి మేళాలూ బతికాయి. కాకినాడ సరస్వతీ గానసభ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పుట్టింది, మద్రాసు మ్యూజిక్ అకాడమీ వచ్చిందేమో 1928లో. ఆ రోజుల్లో కొత్త హరిదాసు ఒక ఊరికి ఎలా చేరేవాడంటే పక్కూరి పెద్దాయన చెప్పిన కబురుతో. మా ఊళ్ళో నవరాత్రులకి చెప్పాడండీ, గొంతు బావుంది, కథ నడిపించడం తెలుసు, మీరూ పిలవండి అని ఆయన చెబితే ఆయన పరువు కూడా అందులో ఉన్నట్టే, కథ తేలిపోతే జనం వచ్చి అడిగేది ఆయన్నే. అందుకే ఊరికే నోటికొచ్చిన పేరు చెప్పేవాళ్ళు కాదు. కపిలేశ్వరంలో, కాదు, పూర్తి పేరు కపిలేశ్వరపురం, అక్కడ హరికథకే ఒక పాఠశాల పెట్టి పిల్లలకి నేర్పించారు, ఈ ప్రాంతానికి పాటంటే ఎంత పట్టింపో అదొక్కటి చాలు చెప్పడానికి.

తర్వాత గ్రామఫోన్ వచ్చింది. అప్పట్లో జనం ఎగబడి విన్నది నాటకం పద్యాలు, అందులోనూ తిరుపతి వేంకట కవుల భారత నాటకాల పద్యాలు (వాళ్ళలో చెళ్ళపిళ్ళ వారు పుట్టింది మన కడియంలోనే). 1932లో తెలుగు టాకీ వచ్చింది, 1936కల్లా రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్ స్టూడియో లేచింది, ఇక పాటంటే సినిమా పాటే అనే అలవాటు అప్పట్నుంచే మెల్లగా మొదలైంది. అయినా రికార్డు కంపెనీలు సినిమాతో సంబంధం లేని పాటలు కూడా తెచ్చేవి, వాటిని ప్రైవేటు పాటలు అనేవాళ్ళు. రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గారి మా తెలుగు తల్లికి పాట అలా వచ్చిందే. శంకరంబాడి సుందరాచారి గారు దాన్ని 1942 నాటి దీనబంధు సినిమా కోసం రాశారు, సినిమావాళ్ళు వాడుకోలేదు, ఆవిడ రికార్డు ఇచ్చాక ఆ పాట రాష్ట్ర గీతం దాకా వెళ్ళింది. సాలూరి రాజేశ్వరరావు గారి ప్రైవేటు పాటలు కూడా అంతే, ఒకళ్ళింట్లో గ్రామఫోన్ పెట్టె ఉంటే వీధంతా అరుగు మీద కూర్చుని వినేది, పెట్టె ఎవరిదో వాళ్ళ ఇష్టమే వీధి ఇష్టం అయ్యేది.

1948 డిసెంబర్ 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. నా దృష్టిలో సినిమాతో సంబంధం లేని తెలుగు పాటకి అంత మంచి కాలం మళ్ళీ రాలేదు. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు, శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, ఇద్దరూ ఆ రేడియోలో పనిచేసినవాళ్ళే, ఇద్దరూ మన డెల్టా వాళ్ళే. లలిత సంగీతం, భక్తిరంజని అని ఆ పాటకంటూ రోజూ ఒక వేళ ఉండేది. 1952 ప్రాంతంలో కేంద్రమంత్రి కేస్కర్ గారు రేడియోలో సినిమా పాటలు తగ్గించేస్తే జనం పక్కదేశపు రేడియో సిలోనుకి వెళ్ళిపోయారు, అది చూసి 1957లో సినిమా పాటలు వేసే వివిధభారతి పెట్టాల్సొచ్చింది. బలవంతంగా వినిపిస్తే ఎవరూ వినరని అప్పుడే తేలిపోయింది. కానీ రేడియోలో ఒక గొప్ప అలవాటు ఉండేది, ప్రతి పాటకీ ముందో వెనకో రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని చదివేవాళ్ళు. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ విన్న పేర్లు నాకిప్పటికీ గుర్తున్నాయి.

నేను బాగా చెప్పగలిగింది క్యాసెట్ల కాలం గురించి. ఎనభైల్లో, తొంభైల్లో ప్రతి టౌనులోనూ రికార్డింగ్ షాపులుండేవి, మనం తెల్లకాయితం మీద పాటల లిస్టు రాసిచ్చి ఖాళీ క్యాసెట్టు ఇస్తే రెండ్రోజుల్లో నింపి ఇచ్చేవాళ్ళు. సిక్స్‌టీ క్యాసెట్టంటే సైడుకి అరగంట, మన లిస్టు ఎప్పుడూ దానికి సరిగ్గా సరిపోదు, సైడు బీ చివర్లో నాలుగైదు నిమిషాలు మిగిలిపోతుంది. మా బజార్లో షాపాయన ఆ జాగాని ఖాళీగా వదిలేవాడు కాదు, తనకి నచ్చిన పాట ఒకటి వేసేవాడు. ఒకసారి మా నాన్నగారి క్యాసెట్టులో సినిమా పాటలన్నీ అయిపోయాక హార్మోనియం ఒక్కటే పెట్టుకుని ఎవరో పాడిన లలితగీతం వచ్చింది, నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో లెక్కలేదు. వారం తర్వాత వెళ్తే ఆయనే అడిగాడు, ఏరా చివర్ది విన్నావా అని. ఎవరిది బాబాయ్ గారూ అంటే పేరు చెప్పి, మీ నాన్నకి హార్మోనియమంటే ప్రాణం కదా అందుకే అది వేశాను అన్నాడు. ఎవరికి ఏ పాట ఎక్కుతుందో ఆయనకి తెలుసు, ఇరవై పాటలు వెయ్యకుండా ఒక్కటే వేశాడు, తర్వాత విన్నావా అని అడిగాడు కూడా. ఆ పాడినాయనకి ఆ షాపు నుంచి రూపాయి కూడా వెళ్ళలేదు, అది తప్పే, కానీ ఆయన పేరు మా ఇంట్లోకొచ్చింది మాత్రం అలాగే.

ఎంపీత్రీ సీడీలు వచ్చాక ఒక్కదాంట్లో 140, 150 పాటలు పట్టేవి, లిస్టూ అక్కర్లేదు, మిగిలే జాగా అన్న మాటే లేదు. షాపులు సెల్‌ఫోన్ రీచార్జికి మారిపోయాయి. 2016 సెప్టెంబర్లో జియో వచ్చి డేటా చవకైంది, 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై అనే పాటల యాప్ మన దేశంలో అడుగుపెట్టింది, లోకంలో ఉన్న పాటలన్నీ ఫోన్లోకొచ్చాయి. మరి కొత్తవాళ్ళు ఎందుకు తెలియట్లేదంటే, యాప్ పాట చూపించే పద్ధతిలో చాలా భాగం ఏంటంటే ఈ పాట విన్నవాళ్ళు ఇంకేం విన్నారు అన్న లెక్క. అసలెవరూ వినని పాటకి ఆ లెక్కలో చోటు దొరకడం చాలా కష్టం. దానికి తోడు 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటని 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినకపోతే దాని రికార్డింగుకి రాయల్టీ రాదు. మన కుర్రాడు పెట్టిన పాట 300 సార్లే విన్నారనుకోండి, వాడి చేతికి సున్నా.

అందుకని మనకి తెలియని గొంతులు ఇప్పటికీ సినిమా గుమ్మంలోంచే వస్తున్నాయి. రామ్ మిరియాల చౌరస్తా బ్యాండులో ఊరెళ్ళిపోతా మామా పాడినప్పుడు విన్నవాళ్ళు కొందరు, 2021లో జాతిరత్నాలు పాటతో తెలిసినవాళ్ళు ఊరూరా. కిన్నెర మొగులయ్య గారు ఎన్నేళ్ళుగానో వాయిస్తూ పాడుతున్నా మనవైపు చాలామందికి ఆయన భీమ్లానాయక్ పాటతోనే తెలిశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళకి పేరొచ్చినందుకు సంతోషమే, కానీ సినిమా పిలవనివాళ్ళ సంగతేంటి?

నేను చేసేది చెప్తాను. ఎవరైనా అడిగితే లింకుల దండ పంపను, ఒక్కటే పంపుతాను, అది కూడా వాళ్ళేం వింటారో అడిగాకే. కీరవాణి గారి మెలోడీలు ఇష్టమన్నవాళ్ళకి రజనీకాంతరావు గారి పాటతో మొదలెడతాను, గిటారూ డ్రమ్సూ కావాలన్న కుర్రాళ్ళకి చౌరస్తా పాత పాటలు పంపుతాను, అవి విన్నాక వాళ్ళే ఇంకా ఏమున్నాయని అడుగుతారు, అప్పుడు మన పక్కూరి పిల్లల పాట. ఎందుకు పంపానో ఒక్క ముక్క రాస్తాను, రెండో చరణం దగ్గర గొంతు విను అనో, డప్పు ఎక్కడ మొదలవుతుందో చూడు అనో. నాల్రోజులాగి విన్నావా అని అడుగుతాను.

ఇంకోటుంది, ఇది అందరూ చెయ్యగలిగిందే. పాత లలితగీతాలు నెట్‌లో చాలానే ఉన్నాయి కానీ ఎక్కించినవాళ్ళు ఓల్డ్ తెలుగు సాంగ్ అని పెట్టి వదిలేశారు, పాడిందెవరో రాసిందెవరో ఉండదు, కొత్తవాళ్ళేమో పాట పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు, వెతికితే దొరకదు. మీరు పంపేటప్పుడు పైన తెలుగులో మూడు పేర్లు టైపు చెయ్యండి, రచన, సంగీతం, గానం, రేడియోలో చదివినట్టు. పాడినవాళ్ళు తమ ఊరేదో తామే బయటికి చెప్పుకుని ఉంటే అదీ రాయండి. మొన్న మా మేనకోడలికి అలాగే పంపితే, మన రావులపాలెం అమ్మాయా మావయ్యా ఈవిడ అని ఫోన్ చేసింది.