అద్దాల తొట్టెలో కార్బన్ కరువు

చేపల తొట్టెలో వెనుక వరుసకని కొనుక్కొచ్చిన మొక్కలు కొద్ది రోజులకే కింది ఆకులన్నీ రాల్చి, పైన కుచ్చు మాత్రం మిగుల్చుకుంటాయి. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంకో లైటు తగిలించడం. వెలుతురు అవసరమే, కాదనను. కానీ రెండడుగుల లోతు కూడా లేని తొట్టెలో తరచు వెలుతురు కన్నా ముందు అయిపోయేది కార్బన్.

నేల మీది మొక్కకు కార్బన్ డయాక్సైడ్‌ను గాలి మోసుకొస్తుంది. నీటిలో ఆ వాయువు వ్యాపించే వేగం గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు తక్కువ. పైగా ప్రతి ఆకునూ కదలని నీటిపొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. దగ్గరున్న కాస్త వాయువూ ఖర్చయిపోతే, కొత్తది ఆ పొర దాటి రావడానికి ఆలస్యమవుతుంది. నీటి మొక్కల ఆకులు దారాల్లా చీలి ఉండటానికీ, బాగా పలుచగా ఉండటానికీ ఇదొక ముఖ్య కారణం. బడిలో గరాటు కింద పెట్టి, పరీక్షనాళికలోకి బుడగలు ఎక్కించి చూపించే హైడ్రిల్లా సంగతే చూడండి: దాని ఆకు మందం రెండే కణాలు, పత్రరంధ్రాలు అసలే లేవు.

తిరుపతిలో తొట్టె పెట్టుకునేవారు వెనుక వరుసకు ఆ హైడ్రిల్లానే వేసుకోవాలని నా అభిప్రాయం. చెరువుల్లో ఊరికే దొరుకుతుంది కాబట్టి దానికి విలువ ఉండదు. దుకాణంలో కబొంబా అందంగా కనిపిస్తుంది, నిజమే. అయితే అది అమెరికా ఖండాల మొక్క. మెత్తటి, కాస్త ఆమ్లగుణమున్న నీరు కోరుతుంది. బకెట్ల అంచున తెల్లటి పొర కట్టే మన బోరు నీళ్లలో కార్బన్ లేక కాదు, చాలావరకు బైకార్బనేట్ అనే కరిగిన లవణ రూపంలో ఉంటుంది. కబొంబా దాన్ని వాడుకోలేదు. హైడ్రిల్లా వాడుకుంటుంది. ఆకు అడుగు వైపు నుంచి ప్రోటాన్లను వదిలి, అక్కడి నీటిని ఆమ్లంగా మార్చి, బైకార్బనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను రాబట్టుకుంటుంది. పైవైపు నీరు క్షారంగా మారి, కాల్షియం కార్బనేట్ సన్నటి గరుకు పొరగా పేరుకుంటుంది. అది తెగులు కాదు, మందులు వేయనక్కర్లేదు. బడి ప్రయోగంలో చిటికెడు వంటసోడా వేస్తే బుడగలు పెరగడానికి కారణమూ ఈ బైకార్బనేటే. చేపలున్న తొట్టెలో మాత్రం సోడా వేయకండి.

వేసవిలో కథ ఇంకా ఆసక్తికరం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటితే, వేడెక్కిన నీటిలో వాయువులు తక్కువగా కరుగుతాయి. గుబురుగా పెరిగిన మొక్కల మధ్య మధ్యాహ్నానికి కార్బన్ డయాక్సైడ్ దాదాపు అడుగంటుతుంది, ఆక్సిజన్ పోగుపడుతుంది. కార్బన్‌ను పట్టుకోవలసిన రుబిస్కో ఎంజైము అప్పుడు పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. కూడబెట్టిన కార్బన్ కొంత వృథా అవుతుంది. చిత్తూరు బెల్లానికి ఆధారమైన చెరకు ఈ బెడదను సి4 పద్ధతితో తప్పించుకుంటుంది: ఒక రకం కణాల్లో కార్బన్‌ను ముందుగా మాలిక్ ఆమ్లం వంటి ఆమ్లంగా పట్టి ఉంచి, మరో రకం కణాల్లో రుబిస్కోకు దట్టంగా అందిస్తుంది. రెండు కణాల మందపు ఆకులో అలాంటి ఏర్పాటుకు చోటెక్కడిది? హైడ్రిల్లా ఆ రెండు పనులనూ ఒకే కణంలో చేస్తుంది, అదీ కార్బన్ కరువు వచ్చినప్పుడు మాత్రమే.

వేసవి హైడ్రిల్లా తీరు వేరుగా ఉందని, అందులో మాలిక్ ఆమ్లానికి పాత్ర ఉందని జగదీశ్ చంద్ర బోస్ 1920ల్లోనే గమనించారు. హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు సి4 మార్గాన్ని వివరించింది 1966లో. 1970ల్లో ఆ కోవ మొక్కల జాబితాలు కూర్చిన వారిలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికి చెందిన వి.ఎస్. రామదాస్, ఎ.ఎస్. రాఘవేంద్ర ఉన్నారు. బోస్ చేసిన హైడ్రిల్లా పరిశీలనల ప్రాముఖ్యాన్ని గురించి తరువాతి కాలంలో రాసినవారిలోనూ రాఘవేంద్ర ఒకరు. ఊళ్లోనే ఇంత చరిత్ర ఉండగా, ఈ మొక్కను పిచ్చి నాచు అనడం నాకు నచ్చదు.

ఇక పెంపకం. చెరువు నుంచి తెస్తే కొన్నాళ్లు విడిగా బకెట్లో ఉంచండి. లేకపోతే నత్తలు, చేపపిల్లలను తినే తూనీగ లార్వాలు వెంట వస్తాయి. నాటాక కత్తెరకు మొహమాటపడకూడదు. కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. దీన్నే అగ్రాధిక్యత అంటారు. కొన కత్తిరిస్తే ఆ అదుపు తప్పి, కణుపుల దగ్గర కొమ్మలు వస్తాయి, వెనుక వరుస గుబురుగా నిండుతుంది. తెంపిన కొనను ఇసుకలో గుచ్చితే కణుపుల నుంచి వేళ్లు వేస్తుంది. నీటిపైకి చేరి చాపలా పరుచుకుంటే కింది ఆకులకు వెలుతురు అందక రాలిపోతాయి, అందుకే ఆ దశ దాకా పెరగనివ్వకూడదు.

రాత్రి ఈ మొక్కలూ చేపలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటాయి. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. వేసవి తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం ఇదే కావచ్చు. రాత్రంతా గాలి పంపు నడపాలి.

కత్తిరించిన ముక్కలను కాలువలో మాత్రం పారేయవద్దు. ఆక్వేరియం వ్యాపారం ద్వారా 1950ల్లో ఫ్లోరిడా చేరిన హైడ్రిల్లా అక్కడి జలాశయాలను కమ్మేసింది. చిన్న ముక్క చాలు, కొత్త మొక్క మొలుస్తుంది. మనకది స్థానికమే అయినా కబొంబా వంటివి కావు. మేడ మీద ఎండబెట్టి పూలకుండీల మట్టిలో కలిపేస్తే సరి.