ముక్కు లేని కథానాయిక

ఏదైనా అనిమేలో, అంటే జపాన్ యానిమేషన్ బొమ్మల సినిమాలో, ఒక బజారు సీను దగ్గర ఆపి చూడండి. కథానాయికకు ముక్కంటే ఒక చుక్క, లేదా చిన్న నీడ. పెదాలు ఉన్నాయో లేదో కూడా తెలీదు. అదే ఫ్రేములో వెనక చేపలమ్మే ముసలాయనకు మాత్రం ముక్కుపుటాలు, నుదుటి మడతలు, కళ్ళకింద సంచులు, ఊడిన పన్నుతో సహా అన్నీ ఉంటాయి. ఇద్దర్నీ గీసింది ఒకే స్టూడియో. కాబట్టి మనిషిని ఉన్నదున్నట్టు గీయడం చేతకాక కాదు. ఎవరికి గీతలు పెట్టాలి, ఎవరికి తీసెయ్యాలి అన్న లెక్కేదో అక్కడ నడుస్తోంది.

ముందు కొలతలు. పెద్దవాళ్ళ తలను నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు దాదాపు సగం ఎత్తులో ఉంటాయి. ముఖం వెడల్పులో ఒక్కో కన్ను సుమారు ఐదో వంతు. పుట్టిన బిడ్డకు కపాలం పెద్దది, దవడ చిన్నది కాబట్టి కళ్ళు సగానికి కిందకి జారినట్టు కనిపిస్తాయి. కంట్లో నల్లగుడ్డు పుట్టేనాటికే దాదాపు 10 మిల్లీమీటర్లుంటుంది, పెద్దయ్యాక 12కి అటూఇటూ ఆగిపోతుంది. అందుకే పసివాళ్ళ కళ్ళు అంత పెద్దవిగా అనిపిస్తాయి. బిడ్డ ఒంటి పొడవులో తలే నాలుగో వంతు. పెద్దయ్యేసరికి మనిషి ఏడు, ఏడున్నర తలల ఎత్తుకు వస్తాడు. అనిమే నాయిక ముఖమేమో పసిబిడ్డ కొలతల్లో, కాళ్ళేమో ఫ్యాషన్ బొమ్మ కొలతల్లో ఉంటాయి. అలాంటి మనిషి ఏ వయసులోనూ ఉండదు.

మరి మనకెందుకు ముచ్చటేస్తుంది? పెద్ద నుదురు, పెద్ద కళ్ళు, బూరెబుగ్గలు చూడగానే పెద్దవాళ్ళలో లాలించాలన్న కోరిక దానంతటదే పుడుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లో రాశాడు. ఆయనతో పాటు 1973లో నోబెల్ పంచుకున్న నికో టిన్‌బర్గెన్ సముద్రతీరాల్లో ఉండే గల్ పక్షుల మీద చేసిన ప్రయోగం ఇంకా చిత్రంగా ఉంటుంది. తల్లి పసుప్పచ్చ ముక్కు మీద ఒక ఎర్రమచ్చ ఉంటుంది. పిల్ల దాన్ని పొడిస్తే తల్లి మేత కక్కి పెడుతుంది. అచ్చం తల్లి తలలాగే చేసిన బొమ్మను చూపించినప్పటికన్నా, తెల్ల పట్టీలున్న సన్నటి ఎర్ర పుల్లను చూపించినప్పుడు పిల్లలు ఎక్కువసార్లు పొడిచాయి. అసలుదాని కన్నా అతిశయోక్తికే మెదడు ఎక్కువ లొంగుతుందన్నమాట. అనిమే కన్ను మన పాలిటి ఎర్ర పుల్ల అని చాలామంది అక్కడితో ఆపేస్తారు.

నాకు అది చాలదనిపిస్తుంది. ఎందుకంటే అదే జపాన్‌లో 12వ శతాబ్దంలో గీసిన గెంజి అనే రాకుమారుడి కథ చిత్రపటాల్లో రాజాస్థానపు స్త్రీపురుషులకు కన్నంటే సన్నటి గీత, ముక్కంటే చిన్న కొక్కెం. 1790లలో ఉతమారో అనే చిత్రకారుడు చెక్క అచ్చులతో వేసిన అందగత్తెలకు కోలముఖం, సన్నకళ్ళు, చిటికెడు నోరు. పెద్ద కళ్ళే పుట్టుకతో వచ్చిన ఆకర్షణ అయితే, ఇన్ని శతాబ్దాలు ఆ చిత్రకారులు దాన్ని ఎలా వదులుకున్నారు? కన్ను మారింది కానీ ఒకటి మారలేదు: గొప్పవాళ్ళ ముఖంలో గీతలు తక్కువ. ఆ 12వ శతాబ్దంలోనే గీసిన షిగిసాన్ అనే బౌద్ధ గుడి మహిమల చిత్రపటాల్లో మామూలు జనం నోళ్ళు తెరిచి అరుస్తారు, ముఖాలు ముడుచుకుంటారు, ఒకరిలా ఒకరుండరు. మన చేపలాయన ఆ వంశంవాడే.

కన్ను పెద్దది కావడానికి డబ్బు కూడా కారణం. జపాన్ కామిక్స్ చిత్రకారుడు తెజుకా ఒసాము చిన్నప్పుడు పెరిగిన తకరజుకా ఊళ్ళో అందరూ ఆడవాళ్ళే ఆడే నాటక సమాజం ఒకటుంది. కళ్ళకు దట్టంగా మేకప్ వేసుకునే ఆ నటీమణులూ, డిస్నీ బొమ్మలూ ఆయన చేతిలో కలిశాయి. 1963 జనవరి 1న ఆయన ఆస్ట్రోబాయ్ టీవీలో మొదలైంది. వారం వారం అరగంట కార్యక్రమం, చేతిలో డబ్బు లేదు. సెకనుకు 24 ఫ్రేములకు ఎనిమిది బొమ్మలతో, ఒక్కోసారి అంతకన్నా తక్కువతో సరిపెట్టారు. మాట్లాడేటప్పుడు ముఖం కదలదు. మూసిన నోరు, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది, ఈ మూడు బొమ్మలే మారతాయి. ముఖం కదలనప్పుడు దుఃఖమూ సంతోషమూ ఎక్కడ చూపిస్తారు? కంట్లోనే. తెల్లటి మెరుపు చుక్కలు, రంగుల పొరలు, ఉబికే నీళ్ళు, వీటన్నిటికీ చోటు కావాలి. పైగా ముఖం మీద ఒక ముడత పెడితే పది చేతులు మారే వేల బొమ్మల్లో అది అదే చోట ఉండాలి, లేకపోతే తెరమీద వణుకుతుంది. నున్నటి చెంపకు ఆ బాధ లేదు. బాపు కూడా ముక్కును ఒక్క గీతలో తేల్చేసేవారు, కానీ ఆయన ఆ బొమ్మను వెయ్యిసార్లు తిప్పి గీయనక్కర్లేదు!

ఈ లెక్కను కావాలనే తప్పినవాడు దర్శకుడు తకహాతా ఇసావో. 1991లో స్టూడియో జిబ్లీ నుంచి వచ్చిన ఓమోయిదె పొరోపొరో సినిమాలో 27 ఏళ్ళ తయెకో 1982లో టోక్యో నుంచి యమగతా పల్లెకు కుసుమ పూల కోతకు వెళ్తుంది. పెదాల ఎర్రరంగు చేసే పూలే అవి. ఆమె చిన్నప్పటి జ్ఞాపకాల్లో ముఖాలు మామూలు అనిమే ముఖాలే, నున్నగా ఉంటాయి. పెద్ద తయెకోకు మాత్రం ముందు నటి గొంతు రికార్డు చేసి, ఆ మాటలకు చెంపల కండరాలు ఎలా కదులుతాయో చూసి గీశారు. నవ్వినప్పుడల్లా ముక్కు పక్కనుంచి నోటి చివరిదాకా రెండు గీతలు పడతాయి. శరీరశాస్త్రం ప్రకారం అవి ఖచ్చితంగా ఉండాల్సినవే. అద్దంలో నవ్వి చూసుకోండి. అయినా ఆమె నలభై దాటినట్టుందని అన్న ప్రేక్షకులున్నారు. నాకూ మొదటి అరగంట అలాగే అనిపించింది. నిజమైన చెంప మీద ఆ మడత వెలుగునుంచి నీడలోకి మెల్లగా జారుతుంది. సెల్ బొమ్మలో, అంటే పారదర్శకమైన రేకు మీద గీసి రంగు నింపిన బొమ్మలో, మెల్లగా అనేది లేదు. గీత ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఉన్నదున్నట్టు గీస్తే పదేళ్ళు పైబడతాయి. కాబట్టి నున్నటి ముఖంలో కొంత భాగం ఆదర్శం, కొంత భాగం కేవలం పనిముట్టు ఇబ్బంది.

తిరగేసి చూసినా ఇదే తేలుతుంది. 2007లో సెయామా, నాగయామా అనే పరిశోధకులు బొమ్మ ముఖాల్నీ మనుషుల ముఖాల్నీ దశలవారీగా కలిపి, కళ్ళ సైజు పెంచి జనానికి చూపించారు. ముఖం నిజానికి దగ్గరయ్యేకొద్దీ పెద్ద కళ్ళు ఎబ్బెట్టుగా అనిపించాయి. బొమ్మకు చెల్లిన కన్ను మనిషికి చెల్లదు. జపాన్ ఫోటో బూత్‌లూ, ఇప్పటి ఫోన్ ఫిల్టర్లూ కళ్ళు పెద్దవి చేయడంతో ఆగక చర్మాన్నీ నున్నగా తుడిచేసేది ఇందుకేనేమో అనుకుంటాను. ముందు ముఖాన్ని బొమ్మ చేయాలి, అప్పుడే ఆ కన్ను అతుకుతుంది.

ఈ రెండు రకాల ముఖాలనూ ఒకే షాట్‌లో పెట్టినవాడు దర్శకుడు కోన్ సతోషి. ఆయన 1997 నాటి సినిమా పర్ఫెక్ట్ బ్లూ చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోవచ్చు, ముగింపు చెప్పేస్తున్నాను. మీమా అనే మాజీ పాప్ గాయనిని ఆమె మేనేజర్ రూమీ వీధుల్లో తరుముతుంది. రూమీ తనే అసలు మీమా అనుకుంటోంది కాబట్టి మనకు కనిపించేది గాల్లో తేలుతూ, చిరునవ్వుతో గెంతే గులాబీ గౌను అమ్మాయి. షాపు అద్దాల్లో ప్రతిబింబం మాత్రం అదే గౌనులో ఇరుక్కుని, చెమటలు కక్కుతూ రొప్పుతున్న మధ్యవయసు రూమీది. తేలే అమ్మాయికి బరువే లేదు. అద్దంలోని ఆమెను గీయాలంటే మాత్రం బరువు, ఊపిరి, మడతలు, ఎడంగా ఉన్న కళ్ళు అన్నీ పట్టుకోవాలి. ఆ సీనులో గీసేవాళ్ళ శ్రమంతా అద్దంలోని ఆమె కోసమే పోయిందనిపిస్తుంది. నేనైతే ఆమెనుంచే చూపు తిప్పుకోలేకపోయాను.