నారు నాటడం, తలలు తుంచడం: అపోహలు - వాస్తవాలు

కూరగాయల నారు, పూలమొక్కల నారు పెంచి ఇవ్వడం నా వృత్తి. తీసుకెళ్లేవారు అడిగేవి ముఖ్యంగా రెండు ప్రశ్నలు: ఎన్నో రోజున నాటాలి, ఎన్నో రోజున తల (మొక్క కొన చిగురు) తుంచాలి? రోజుల లెక్క అంచనాకు పనికొస్తుంది, కాదనను. కానీ నిర్ణయం తీసుకోవలసింది ఆకులనూ వేళ్లనూ చూసి. ఆ రెండూ చూడకుండా నాటిన నారు కళ్లముందే వాడిపోతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: నారు ఎంత ఎత్తు పెరిగితే అంత బలం.

వాస్తవం: ఎత్తు చాలాసార్లు బలహీనతకే గుర్తు. వెలుతురు చాలకపోయినా, మొక్కలు కిక్కిరిసి ఉన్నా నారు సాగిపోతుంది. కాండం సన్నబడుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, గాలి వీస్తే వాలిపోతుంది. పొట్టిగా, కాండం గట్టిగా, ఆకు ముదురాకుపచ్చగా ఉన్న నారును ఎంచుకోండి. టమాటాకు 25–30 రోజులు, వంగకు 30–35, మిరపకు 35–45 అని చెప్పే లెక్క సగటు మాత్రమే. చలి ఎక్కువగా ఉంటే మిరప ఇంకా ఆలస్యం చేస్తుంది. నాలుగైదు అసలు ఆకులు రావాలి. మొలకతోపాటు విచ్చుకునే మొదటి జత బీజదళాలు. వాటిని ఈ లెక్కలో కలపకూడదు.

ఇక వేళ్లు. ట్రేలోంచి ఒక మొక్కను అడుగు నుంచి నొక్కి మెల్లగా బయటికి తీయండి. తెల్లని వేళ్లు కొబ్బరిపొట్టును అల్లుకుని, గడ్డ చెదరకుండా మొత్తంగా వచ్చిందంటే నాటే సమయం వచ్చినట్టే. పొట్టు రాలిపోతుంటే ఇంకొన్ని రోజులు ఆగండి. వేళ్లు గోధుమరంగుకు తిరిగి, అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆలస్యమైందని అర్థం. ఆ వేళ్లు నేలలో పెట్టాక కూడా అదే చుట్టలో తిరుగుతుంటాయి, బయటి మట్టిలోకి సరిగా వెళ్లవు. అందుకే అడుగు చుట్టను వేలితో కాస్త విడదీసి నాటాలి.

అపోహ: మొదటే పెద్ద కుండీలో పెడితే మళ్లీ మార్చే పని ఉండదు.

వాస్తవం: పెద్ద కుండీ నిండా తడి మట్టి ఉంటుంది, దాన్ని పీల్చే వేళ్లు మాత్రం గుప్పెడు కూడా ఉండవు. ఆ తడి రోజుల తరబడి ఆరదు. మట్టిలో గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. మొక్క వాడిందని మనం మరింత నీరు పోస్తాం, దాంతో కుళ్లు ఇంకా పెరుగుతుంది. చిన్న కుండీలో వేళ్లు నిండాక దానికంటే కాస్త పెద్ద కుండీకి మార్చడం మేలు.

అపోహ: లోతుగా నాటితే మొక్క నిలబడుతుంది.

వాస్తవం: టమాటా విషయంలో ఇది నిజం. మట్టిలో పూడిన కాండం నుంచి కొత్త వేళ్లు వస్తాయి, కాబట్టి సాగిపోయిన టమాటా నారును కింది ఆకులు తీసేసి లోతుగా పెట్టవచ్చు. మిరప, వంగలను నారుమడిలో ఉన్న లోతులోనే నాటడం క్షేమం. బొప్పాయి మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లు పట్టుకుంటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లకు నడిమి చిగురు మట్టిలో పూడకూడదు.

అపోహ: వేళ్ల మట్టి దులిపి, ఆకులు కత్తిరించి నాటితే తొందరగా నాటుకుంటుంది.

వాస్తవం: నీటిని పీల్చే పనిలో పెద్ద భాగం కంటికి సరిగా కనిపించనంత సన్నని నూగు వేళ్లదే. మట్టి దులిపితే ముందుగా తెగిపోయేవి అవే. కొత్త వేళ్లు రావడానికి కావలసిన ఆహారాన్ని ఆకులే తయారు చేస్తాయి. వాటినీ కోసేస్తే మొక్కకు ఏం మిగులుతుంది? ముదిరిన వరినారు కొనలు తుంచడం వేరే సంగతి. కాండం తొలిచే పురుగు గుడ్లు ఆకుల కొసల మీద ఉంటాయి కాబట్టి అక్కడ ఆ పని చేస్తారు. కూరగాయల నారుకు అది వర్తించదు. దానికంటే నాటే ముందు వారం రోజులు నీరు కాస్త తగ్గించి, నీడలోంచి మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయండి. సాయంత్రం పూట నాటండి. మధ్యాహ్నం ఆకు వాలినా సాయంత్రానికి తేరుకుంటుంటే కంగారు అక్కర్లేదు.

అపోహ: నాటిన రోజే యూరియా వేస్తే ఊపందుకుంటుంది.

వాస్తవం: వేరు పట్టని మొక్కకు ఆ ఎరువు భారమే. కొత్త ఆకు కనిపించేదాకా ఆగండి.

అపోహ: తల తుంచితే ఏ మొక్కయినా గుబురై ఎక్కువ కాస్తుంది.

వాస్తవం: నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి ప్రవహిస్తూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. 1930లలో థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల తల తీసేసి, ఆ చోట ఆక్సిన్ పెట్టి చూస్తే పక్క మొగ్గలు మళ్లీ అణగి ఉండిపోయాయి. తర్వాతి పరిశోధనలు ఇందులో ఇంకా చాలా ఉందని చూపించాయి. స్ట్రిగోలాక్టోన్లనే హార్మోన్ల పాత్ర 2008లో వెల్లడైంది. తల పోగానే అక్కడికి వెళ్లే చక్కెరలు పక్క మొగ్గలకు మళ్లడమే వాటిని ముందుగా మేల్కొలుపుతుందని 2014లో బఠానీ మొక్కల మీద తేలింది.

అయితే ఇదంతా పక్క కొమ్మలు కాసే మొక్కలకే లాభం. ఆఫ్రికన్ బంతి, చామంతి, తులసి తల తుంచితే బాగా స్పందిస్తాయి. ఫ్రెంచ్ బంతి తనంతట తానే గుబురవుతుంది. మిరప మొదటి పూత దగ్గర సహజంగానే రెండుగా చీలుతుంది. దాని తల తుంచితే మొదటి కోత వెనక్కి జరుగుతుంది, కాలం తక్కువగా ఉన్నచోట అది నష్టం. ఒక దశలో పెరుగుదల ఆపేసే పొట్టి టమాటాల తల అసలు ముట్టుకోవద్దు. తీగలా సాగే టమాటాకు తల ఉంచి పక్క పిలకలు తీస్తారు. ఒకే పువ్వు పూసే పొద్దుతిరుగుడు తల తుంచితే పంటనే తుంచినట్టు. సొర తీగకు మాత్రం ప్రధాన తీగ కొన తుంచడంలో అర్థముంది, ఎందుకంటే దాని ఆడపూలు పక్క తీగల మీదే ఎక్కువ.

అపోహ: నాటేటప్పుడే తల కూడా తుంచేస్తే ఒకే పనిలో అయిపోతుంది.

వాస్తవం: దయచేసి ఇది చేయకండి. కొత్త వేళ్లు పుట్టడానికి కూడా కొన నుంచి దిగే ఆక్సిన్ కావాలి. వేళ్లు దెబ్బతిన్న రోజునే తలా తీసేస్తే మొక్క తేరుకోవడానికి చాలా కాలం పడుతుంది. నాటాక రెండు మూడు కొత్త ఆకులు విచ్చుకోనివ్వండి. బంతికి సాధారణంగా నాటిన 30–40 రోజులకు తుంచుతారు. చామంతికి నాలుగు వారాలకు మొదటిసారి, అవసరమైతే మరో నెలకు రెండోసారి. రాత్రులు పొడవై మొగ్గ కట్టే కాలంలో చామంతి కొన తుంచితే పోయేవి పూలే.

తుంచేటప్పుడు మెత్తని కొన ఒక్కటే, కణుపుకు కాస్త పైన, గోటితో తీయండి. గట్టిపడిన కాండం దాకా దిగనక్కర్లేదు. పొద్దున మంచు ఆరాక చేస్తే గాయం త్వరగా ఎండుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని మొదలుపెట్టండి, ముఖ్యంగా పొగాకు ముట్టుకునేవారు. పొగాకులో ఉండగల మొజాయిక్ వైరస్ చేతి నుంచే టమాటా, మిరపలకు అంటుకుంటుంది, మొక్క నుంచి మొక్కకూ అలాగే పాకుతుంది. ఆకు ముడుచుకుని, మచ్చలు మచ్చలుగా ఉన్న మొక్కను ముందుగా ముట్టుకోకుండా అన్నింటికంటే చివర చూడండి.