చేపకు మందు వేసే ముందు

విజయవాడ, సత్యనారాయణపురం
ఫిబ్రవరి 3

చిరంజీవులు చిన్నికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో ఇద్దరూ ఒకేసారి అరిచేసరికి నాకు అందినవి రెండే ముక్కలు. గోల్డ్‌ఫిష్ మీద తెల్ల చుక్కలు వచ్చాయి, షాపతను ఇచ్చిన నీలం మందు పోసేయబోతున్నారు. ఆగండి అన్నాను గానీ, ఎందుకో చెప్పేలోపు మీ అమ్మ అన్నానికి లాక్కుపోయింది. రేపు పొద్దున మావయ్య గుంటూరు వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపుతున్నా. ఇది చదివేదాకా ఆ సీసా మూత తియ్యొద్దు.

ముందు సెల్ లైటు పట్టుకుని తొట్టె పక్కనుంచి చూడండి. చుక్కలు ఎక్కడున్నాయి? రెండు బుగ్గల మీద, అంటే మొప్పల మూతల మీదా, ముందు రెక్కల అంచునా మాత్రమే వరసగా, గట్టిగా ఉన్నాయా? చేప హుషారుగా మేత తింటూ రెండోదాన్ని తరుముతోందా? అలాగైతే అది జబ్బు కాదర్రా. మగ గోల్డ్‌ఫిష్ ఈడుకొస్తే అలా చుక్కలు లేస్తాయి. మీ మావయ్యకు పదో తరగతిలో మొటిమలు వచ్చినట్టు అనుకోండి. (ఈ మాట వాడికి చదివి వినిపించొద్దు.)

ఈ సంగతి తెలియకే నేను ఒక తొట్టె మొత్తాన్ని చంపుకున్నా. మీ అమ్మకి అప్పుడు ఐదారేళ్ళు. చుక్కలు చూసి హడలిపోయి, నీళ్ళన్నీ పారబోసి, అడుగున గులకరాళ్ళు తీసి పంపు కింద రుద్ది రుద్ది కడిగి, డాబా మీద ఎండబెట్టాను. కొత్త నీళ్ళు పోసి, నీలం మందు వేశాను. తొట్టె అద్దంలా మెరిసింది. నాలుగో రోజు పొద్దున నాలుగు చేపలూ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. సాయంత్రానికి రెండే మిగిలాయి, మర్నాటికి అవీ లేవు. మీ అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఏం జరిగిందో చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. చేప ఊపిరి తీసుకునే మొప్పల్లోంచే అమ్మోనియా బయటికి వస్తుంది. కుళ్ళిన మేత, రెట్ట నుంచి ఇంకాస్త. అది చేపకు విషం. రాళ్ళ మీదా, ఫిల్టర్ స్పాంజిలోనూ కాపురముండే బాక్టీరియా ఆ అమ్మోనియాని తిని నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్‌తో అంత ముప్పు లేదు. కొత్త తొట్టెలో ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను పంపు నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, పైన మిథిలీన్ బ్లూ పోసి ఒక్కరోజులో దాన్ని ఊడ్చేశాను. ఆ నీలం మందుకు జబ్బు క్రిములేవో, మన బాక్టీరియా ఏదో తెలియదు.

మీ ఫిల్టర్ స్పాంజిని మీ అమ్మ ప్రతి ఆదివారం సింకులో కడుగుతుందని విన్నాను. పంపు నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. తొట్టెలోంచి తీసిన నీళ్ళు ఒక బకెట్‌లో పోసి, అందులో రెండుసార్లు పిండితే చాలని చెప్పండి. నేను చెప్పానని చెప్పొద్దు.

ఇక అలా కాదు, చుక్కలు తోక మీదా, ఒంటి మీదా ఉప్పు చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి, రోజురోజుకీ పెరుగుతున్నాయి, చేప రెక్కలు ముడుచుకుని రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది అంటే అది తెల్ల మచ్చల జబ్బే. ఇంగ్లీషులో ఇక్ అంటారు. సంక్రాంతికి కొన్న ఆ నల్ల చేపతోనే వచ్చి ఉంటుంది. కొత్త చేపని మూడు వారాలు వేరే టబ్బులో ఉంచమన్నాను, విన్నారా? రాత్రిళ్ళు చలిగా ఉండటమూ దానికి కలిసొచ్చింది. అన్నట్టు, నిజాంపట్నం వైపు రొయ్యల రైతులు తెల్లమచ్చ అంటే బెదిరిపోతారే, 1994లో చెరువులకు చెరువులు తుడిచిపెట్టిందే, అది వైరస్. దీనికీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు.

ఈ ఇక్ ఒకే కణం ఉన్న జీవి. మీకు కనిపించే చుక్క, అది చేప చర్మం కింద దూరి తింటూ కూర్చున్న పొక్కు. ఏ మందూ అక్కడికి పోదు. కడుపు నిండాక అదే ఊడి అడుగుకి జారి, చుట్టూ గూడు కట్టుకుని, లోపల వందల ముక్కలవుతుంది. అప్పుడూ మందు అందదు. ఆ పిల్లలు బయటపడి చేపని వెతుక్కుంటూ ఈదుతాయి చూడండి, ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మన ఉప్పూ, మందూ పనిచేసేది ఆ పూటే. అందుకే మూడో రోజు చుక్కలు మాయమయ్యాయని అందరూ సంబరపడి మందు ఆపేస్తారు, పదో రోజు మూడింతలు వస్తాయి. చుక్కలు మాయమైన రోజంటే, అడుగున పురుళ్ళు పోసుకుంటున్న రోజన్నమాట.

మందు కంటే ముందు లెక్క. బుజ్జీ, టేపు తీసుకో. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, నీళ్ళ ఎత్తు అడుగు ఉంటే రెండు ఘనపుటడుగులు, దగ్గర దగ్గర 56 లీటర్లు. రాళ్ళ ఉప్పు 56 గ్రాములు తూచి, చెంబెడు నీళ్ళలో కరిగించి, చేపల మీద పడకుండా నెమ్మదిగా పోయండి. పన్నెండు గంటలకు మళ్ళీ అంతే, ఇంకో పన్నెండు గంటలకు మళ్ళీ అంతే. లీటరుకు మూడు గ్రాములవుతుంది, గోల్డ్‌ఫిష్ దాన్ని ఓర్చుకుంటుంది. మొక్కలు ఓర్చుకోవు, తీసేయండి. ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాలి. చివరి చుక్క పోయాక కూడా నీళ్ళలో ఆ ఉప్పు ఇంకో వారం ఉంచండి. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి తగ్గిన నీళ్ళ మటుకు మంచినీళ్ళే పోయండి. బయటికి తీసి మార్చిన నీళ్ళకే ఉప్పు కలపాలి.

చేపలన్నీ ఒకేసారి నీరసపడితే నేను నీళ్ళనే అనుమానిస్తాను, ఒకదాని తర్వాత ఒకటి అయితే అంటుని. తెల్లవారుజామున పైకి తేలుతుంటే ఆక్సిజన్ తగ్గిందని, చెరువు రైతుల్ని అడిగినా ఇదే చెబుతారు. తోక అంచు చిరుగుతుంటే సగం సార్లు నీళ్ళు మారిస్తేనే కుదురుకుంటుంది. ఒళ్ళు ఉబ్బి పొలుసులు లేచి నిలబడితే మాత్రం ఆ చేప మనకు దక్కడం కష్టం, అబద్ధం చెప్పను. ఎవరో చెప్పారని మీ నాన్న జ్వరం క్యాప్సూల్ విప్పి తొట్టెలో కలపకండి. చచ్చిన చేపని కాలువలో పారేయకండి, బతికున్నదాన్ని అసలే వదలకండి. పెరట్లో పాతిపెట్టండి.

శనివారం అమ్మోనియా టెస్ట్ కిట్ తెస్తాను. నీళ్ళలో చుక్కలు వేస్తే పసుపుగా ఉంటే సరే, ఆకుపచ్చకు తిరిగితే పనుంది. అందాకా రోజూ సగం మేతే వేయండి. అమ్మమ్మ సున్నుండలు పంపుతోంది, డబ్బా మావయ్య దగ్గరుంది. లెక్క పెట్టుకుని తీసుకోండి, మొత్తం ఇరవై. దారిలో వాడికి రెండు మాత్రమే అని చెప్పాం.

తాతయ్య