రంగం ఓడ నుంచి మంగళూరు రైలు దాకా: గంజాం తీరంలో తెలుగు జాలర్ల బతుకుతెరువు

నవంబరు ఒకటో తేదీ నుంచి ఒడిశాలోని ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, దానికి అటూ ఇటూ ఉన్న తీరంలో మోటారు బోట్లు ఆగిపోతాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అది. మే 31 దాకా, అంటే ఏడు నెలలు, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు ఆ బోట్లతో వేట కుదరదు. కొందరు కుర్రాళ్ళు ఆగస్టులోనే మంగళూరు, గోవా లాంటి పడమటి తీరపు ఊళ్ళకి వెళ్ళిపోయి ఉంటారు. మిగిలినవాళ్ళు ఇప్పుడు సంచి సర్దుకుని ఛత్రపురం స్టేషన్లోనో, బరంపురం స్టేషన్లోనో రైలెక్కుతారు. విశాఖ, చెన్నై, కేరళ, ఎక్కడ బోటు మీద పని దొరికితే అక్కడికి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రైల్లో వచ్చీరాని హిందీ.

తాబేళ్ళ వల్లే వీళ్ళకి ఈ గతి పట్టిందని ఏటా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాటలో నిజం సగమే. ఋషికుల్య దగ్గర తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెడుతున్న సంగతి శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది 1994లో. గంజాం జనం కూలికోసం ఊరు వదలడం అంతకు నూరేళ్ళ ముందే మొదలైంది.

ఒడిశాలోని గంజాం జిల్లా సముద్రం ఒడ్డున గోపాల్‌పూర్, సాన ఆర్యపల్లి, బడ ఆర్యపల్లి, మార్కండి, రామయ్యపట్నం, సోనపురం లాంటి ఊళ్ళున్నాయి. సాన అంటే ఒడియాలో చిన్న, బడ అంటే పెద్ద. పల్లి రెండు భాషలదీ. ఇక్కడ వేటకి వెళ్ళే కుటుంబాల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు, వాడబలిజలు, జాలర్లు. ఒడియావాళ్ళు అందరినీ కలిపి నోళియా అనేస్తారు. వీళ్ళు ఎప్పుడో దక్షిణం నుంచి తీరం వెంబడి చేపల వెనక పైకి పోతూ, మొదట సీజన్‌కి గుడిసెలు వేసుకుని, తర్వాత అక్కడే ఉండిపోయినవాళ్ళు. పూరీలోని పెంటకోట కూడా అలా వెలిసిన పేటే.

ఈ ఊళ్ళ తాతల కాలంలో చేపలతో పాటు ఇంకో సంపాదన ఉండేది. గోపాల్‌పూర్‌లో ఓడ ఒడ్డుకి ఆనుకునే ఏర్పాటు లేదు. ఆవిరి ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడేవి. సరుకునీ మనుషుల్నీ అలలు దాటించి ఓడ దాకా చేర్చడానికి మసూలా పడవలు కావాలి. మేకు అన్నది లేకుండా, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి చేసే పడవ అది. అల వచ్చి గుద్దితే విరగదు, కాస్త ఒంగి ఊరుకుంటుంది. దాన్ని ఆ అలల మీద నడపడం నోళియాలకి తప్ప ఇంకొకరికి చేతనయ్యేది కాదు. పడవ పెద్ద, అంటే తండేలు, కేకేస్తే తెడ్లు లేచేవి.

ఆ పడవల్లో ఎక్కినవాళ్ళు ఎక్కడికి పోయేవాళ్ళు? రంగం. రంగూన్‌ని మనవాళ్ళు అలాగే అనేవాళ్ళు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కోతలయ్యాక వేలమంది అక్కడికి వెళ్ళి రేవులో మూటలు మోసేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు. మేస్త్రీ ఊళ్ళో ముందుగా అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు, అక్కడ కూలి చేతికి రాకముందే తన బాకీ పట్టుకునేవాడు. కోరంగి రేవు నుంచి ఓడలు వెళ్ళిన రోజుల్లో పడిన పేరుతో బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. అది గౌరవంగా పిలిచిన పేరు కాదు. 1931 లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల పైమాటే. అంతకు ముందేడు, 1930 మేలో, రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నారు. రాజీ కుదిరాక తెలుగువాళ్ళని వెనక్కి పిలిచి బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఆ గొడవలో వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరు పేదల మధ్య ఒకే పనిని పెట్టి దూరంగా కూర్చోవడం యజమానులకి కొత్త కాదు.

1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలమంది అడవుల్లో, కొండల్లో నడుచుకుంటూ తిరుగుముఖం పట్టారు. దారిలో రాలిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. బతికి వచ్చినవాళ్ళకి ఊళ్ళో భూమి లేదు, అప్పు మాత్రం అలాగే ఉంది. రంగం దారి మూసుకుపోవడంతో గోపాల్‌పూర్ రేవుకీ పని పోయింది. మసూలా పడవలు ఇసుకలో ఎండిపోయాయి. జాలరికి సముద్రం మీద కాక రేవు మీద దొరికిన ఒకే ఒక్క కూలి అలా పోయింది.

ఈలోగా ఇంకొకటి జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకటిగా ఉన్న గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ఒరిస్సాకి పోయాయి. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం మద్రాసులోనే ఉండిపోయాయి. భాష లెక్క చూసుకుని గీసిన గీతే అయినా, ఏ గీతకైనా రెండు పక్కలా ఎవరో ఒకరు మిగిలిపోతారు. జాలరి ఊళ్ళ పెళ్ళి సంబంధాలు ఇప్పటికీ సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపే. కానీ స్కూలు, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం వేరే రాష్ట్రానివి. తెలుగు మీడియం బడిలో టీచరు ఉంటే పిల్లలుండరు, పిల్లలుంటే టీచరు ఉండడు. ఒడియా బడిలో మొదటి రెండేళ్ళు ఏం చెప్తున్నారో అర్థం కాక, అయిదో క్లాసు దాటేసరికి వల దగ్గరకి వచ్చేసిన కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

బరంపురంలోని దేవాంగుల సంగతి కొంచెం వేరు. పట్టు నేతతో ఆ ఊరికి పేరు తెచ్చింది వాళ్ళే. ఠాకురాణి జాతరలో పెద్దరికం ఈనాటికీ ఆ కులపెద్ద దేశీబెహరాదే. బరంపురం పట్టుకి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చేనాటికి మగ్గం వదిలి బట్టల కొట్లో చేరినవాళ్ళే ఎక్కువ. అది వేరే కథ.

మళ్ళీ తీరానికొద్దాం. 1980ల నుంచి ఈ తీరానికి వరసగా పెద్ద పెద్ద పనులు వచ్చాయి. ఛత్రపురం దగ్గర ఇసుకలోంచి ఖనిజాలు తీసే కేంద్ర ప్రభుత్వ కర్మాగారం ఆ దశకంలోనే మొదలైంది. 1987లో గోపాల్‌పూర్ రేవు మళ్ళీ తెరిచారు. 1990ల మధ్యలో టాటా ఉక్కు కర్మాగారం కోసం వేల ఎకరాలు సేకరించారు. ఆ భూముల్లో మొగలి పొదలుండేవి. గంజాం మొగలి పూల అత్తరు దేశమంతా పోతుంది, పువ్వు కోసి బట్టీకి అమ్మితే ఇంట్లోకి రోజువారీ డబ్బు. ఆ పొదలు పోతాయనే రైతులు గట్టిగా పోరాడారు. చివరికి భూమి పోయింది, ఉక్కు కర్మాగారం రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత అదే చోట ఫెర్రోక్రోమ్ ప్లాంటు, పారిశ్రామిక పార్కు వచ్చాయి. రేవు చేతులు మారుతూ మారుతూ 2024లో అదానీ గ్రూపు దగ్గరకి చేరింది. ఇవన్నీ ఉద్యోగాలు ఇవ్వలేదని కాదు. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి, ఒడియా చదవడం, రాయడం వచ్చినవాడికి ఇచ్చాయి. తాతల నాటి రేవులో జాలరి చెయ్యి లేకపోతే ఓడలోకి గింజ ఎక్కేది కాదు. కొత్త రేవులో క్రేన్ ఉంది. జాలరి బోటు దాని దగ్గరకి పోతే సెక్యూరిటీ వాళ్ళు తరిమేస్తారు.

వేట కూడా ఆ కాలంలోనే మారింది. తెప్పలు పోయి ఫైబర్ బోట్లు, వాటికి మోటార్లు వచ్చాయి. సబ్సిడీ ఇచ్చి మోటారు పెట్టించింది ప్రభుత్వమే. మోటారు వచ్చాక డీజిలు కావాలి, రిపేరు కావాలి, పెద్ద వల కావాలి. దానికి షావుకారు దగ్గర అప్పు. వడ్డీ ఏమీ రాయడు, మంచివాడే. పట్టిన చేప తనకే, తను చెప్పిన ధరకే ఇవ్వాలి, అంతే. బోటు మీద లెక్క చూస్తే యజమానికి, వలకి, ఇంజనుకి వాటాలు పోగా మిగిలినదే తెడ్డు పట్టినవాళ్ళకి. మంచి హార్బరు లేక బోట్లు ఇప్పటికీ అలలు దాటించుకుని ఇసుక మీదకే లాగుతున్నారు. ఆ పని మనిషి బలంతోనే జరుగుతుంది కాబట్టి యాభై దాటిన జాలరికి పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఇల్లు గడిచేది ఆడవాళ్ళ గంప మీద. తెల్లారకముందే వేలంలో చేప కొని బరంపురం బజారుకో, ఊరూరికో తిరిగి అమ్మాలి. వేట లేని నెలల్లో ఎండుచేప.

తాబేళ్ళ నిషేధం ఈ అప్పుల మీద వచ్చి పడింది. నిజానికి సంప్రదాయ పడవల్ని నిషేధం ముట్టుకోదు, మోటారు ఉన్నవాటినే ఆపుతుంది. కాని తెప్ప మానేసి మోటారు పెట్టుకోమని చెప్పి ముప్పయ్యేళ్ళు దాటాక ఇంకా తెప్ప ఎవరి దగ్గర ఉంటుంది? తాబేళ్ళని కాపాడటం తప్పని నేననను. 2025లో ఋషికుల్య దగ్గర 6.9 లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి, ప్రపంచంలో ఇలాంటి చోట్లు చాలా తక్కువ. ఆ ఇసుక మీద కాపలా కాసి, గుడ్లు కుక్కలు తినకుండా చూసేది కూడా ఈ ఊళ్ళ కుర్రాళ్ళే. ఖర్చంతా ఒక్కళ్ళ నెత్తిన వేశారన్నదే గొడవ.

పైగా తుఫాన్లు. 1999 అక్టోబరులో మహా తుఫానుకి పన్నెండు రోజుల ముందు గోపాల్‌పూర్ దగ్గర ఒక తుఫాను తీరం దాటింది. తర్వాత వచ్చింది మరీ పెద్దది కావడంతో దీన్ని అందరూ మర్చిపోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ కూడా గోపాల్‌పూర్ దగ్గరే దాటింది. ముందే జనాన్ని తరలించడంతో ప్రాణాలు చాలావరకు నిలిచాయి. బోటు, వల మాత్రం పోయాయి. పొడంపేటలో సముద్రం ఇళ్ళ దాకా వచ్చేసి ఊరినే లోపలికి మార్చాల్సి వచ్చింది. ప్రపంచ బ్యాంకు రుణంతో పక్కా ఇళ్ళు కట్టించారు, నిజంగా మంచి ఇళ్ళు. ఇల్లు గట్టిపడింది కాని బోటు అప్పుతో కొన్నదే.

గంజాం లోపలి పల్లెల వాళ్ళకి ఇదే కాలంలో సూరత్ దొరికింది. పవర్ లూముల్లో రోజుకి పన్నెండు గంటలు, నేసిన మీటరుకి ఇంత అని కూలి, పగటి షిఫ్టువాడు లేచిన పక్క మీద రాత్రి షిఫ్టువాడు పడుకోవడం. లక్షలమంది వెళ్ళారు. ఆ డబ్బుతోనే పల్లెల్లో డాబాలు లేచాయి. ఆ వలసతో పాటే హెచ్ఐవీ కూడా వచ్చి జిల్లాని చాలా ఏళ్ళు పట్టి పీడించింది. జాలర్లు మాత్రం మగ్గం దగ్గరకి పెద్దగా పోలేదు. తెలిసిన పని సముద్రం మీదదే కాబట్టి వేరే సముద్రం వెతుక్కున్నారు. ఇందులోనూ అడ్వాన్సు ఉంది. రంగం మేస్త్రీ పోయాడు, బోటు ఓనరు మనిషి వచ్చాడు.

2020 మేలో లాక్‌డౌన్ రైళ్ళు సూరత్ నుంచి గంజాంకి వచ్చినప్పుడే, జిల్లా నుంచి ఎంతమంది బయట ఉన్నారో చాలామందికి మొదటిసారి కళ్ళకి కట్టింది. ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే, 2006లో, ఇక్కడికి వచ్చింది. అయితే అది మట్టి పని. చెరువు తవ్వే ఊరికి పనికొచ్చినట్టు ఇసుక దిబ్బ మీది ఊరికి పనికిరాలేదు. లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చినవాళ్ళలో చాలామంది కొన్ని నెలలకే మళ్ళీ వెళ్ళిపోయారు.

లెక్కల్లో మాత్రం పేదరికం బాగా తగ్గింది. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో చూస్తే ఒడిశాలో పేదలు 2004-05లో 57.2 శాతం, 2011-12లో 32.6 శాతం. డబ్బొక్కటే కాక ఇల్లు, చదువు, ఆరోగ్యం లాంటివి కూడా చూసే నీతి ఆయోగ్ వాళ్ళ బహుముఖ పేదరికం లెక్కలో 29.34 నుంచి 15.68 శాతానికి దిగింది. అబద్ధం కాదు. రూపాయికి కిలో బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, కరెంటు వచ్చింది, బ్యాంకు ఖాతాలొచ్చాయి. సర్వేకి వచ్చినవాళ్ళు పైకప్పు ఏంటి, గ్యాస్ ఉందా, మరుగుదొడ్డి ఉందా అని అడుగుతారు. అవన్నీ కొన్న డబ్బు మంగళూరు బోటు మీద నుంచి వచ్చిందా, అది పంపినవాడు ఏడాదిలో ఎన్ని రోజులు ఆ ఇంట్లో పడుకున్నాడు అని అడిగే గడి అందులో లేదు.

సరిహద్దు దగ్గర ఇంకో తేడా ఉంది. ఇచ్ఛాపురం వైపు బంధువులకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధానికి ఆంధ్ర ప్రభుత్వం 2019 నుంచి 10,000, 2025 నుంచి 20,000 ఇస్తోంది. ఒడిశా వైపు ఏడు నెలల తాబేళ్ళ నిషేధానికి సాయం 7,500తో మొదలై 15,000కి పెరిగింది. ఒకే ఇంటి వియ్యంకుల మధ్య ఇది ఎగతాళికీ, అప్పుడప్పుడు అలకకీ పనికొచ్చే లెక్క. అలాగని ఆంధ్ర వైపు వాళ్ళు హాయిగా ఇంట్లో ఉంటున్నారా అంటే అదీ లేదు. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద ఉండి పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లే.

పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జులై 31 దాకా. అందుకే మంగళూరు, గోవా వెళ్ళినవాళ్ళు జూన్ మొదటి వారంలో ఇంటికొస్తారు. తాబేళ్ళ నిషేధం మే 31తో అయిపోయినా, జూన్ 14 దాకా ఉండే నిషేధం తూర్పు తీరమంతటికీ వర్తిస్తుంది కాబట్టి జూన్ 15న ఇక్కడ సముద్రం తెరుచుకుంటుంది. ఆరేడు వారాలు సొంత ఊరి అలల మీద, అన్నదమ్ములతో కలిసి ఒకే బోటులో వేట చేస్తారు. వానాకాలం కాబట్టి సగం రోజులు సముద్రం పోనివ్వదు. జులై ఆఖరు వారానికి మళ్ళీ రిజర్వేషన్ కావాలి. ఆ టికెట్టు మాత్రం ఊరికి రాకముందే, అక్కడ బోటు దిగిన రోజే తీసి పెట్టుకుంటారు.