35 లక్షలొస్తే 50 లక్షలకు ఎందుకు కట్టారు?

విశాఖపట్నం

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగిన ప్రశ్న మంచిది. గోదావరికి మనకు తెలిసిన పెద్ద వరద 1986 ఆగస్టులో వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. మరి పోలవరం గేట్లను 50 లక్షలకు ఎందుకు కట్టారు, డబ్బు దండగ కాదా అని కదా నీ సందేహం? సెకనుకు ఒక ఘనపు అడుగు నీళ్లు వెళ్తే అది ఒక క్యూసెక్కు.

ముందు ‘వందేళ్ల వరద’ సంగతి చూద్దాం. వందేళ్లకోసారి వస్తుందని చాలామంది అనుకుంటారు, పెద్దవాళ్లు కూడా. అది కాదు. ఏ ఏడాదైనా ఆ వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని దాని అర్థం. లూడోలో ఇప్పుడే ఆరు పడిందని పాచికకు గుర్తుండదు కదా, వెంటనే మళ్లీ ఆరు పడొచ్చు, నదికీ అంతే. లెక్క వేస్తే, ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా ఆ వరద రావడానికి నూటికి 26 పాళ్లు అవకాశం ఉంటుంది. రోడ్డు మీది చిన్న కల్వర్టుకైతే పర్వాలేదు, నీళ్లు పైనుంచి పోతే రెండు రోజులు బస్సులు ఆగుతాయి. డ్యాముకు ఆ ధైర్యం చేయలేం.

మరి ఎవరూ చూడని వరదను కొలిచేదెలా? బ్రిటిష్ కాలంలో మద్రాసు వైపు ఇంజనీర్లు రైవ్స్ సూత్రం వాడేవారు. నీళ్లు వచ్చి చేరే నేల ఎనిమిది రెట్లయితే వరద నాలుగు రెట్లే అవుతుందని దాని లెక్క. నేల పెద్దదైనకొద్దీ వాన అంతటా ఒకేలా కురవదు, అన్ని వాగుల నీళ్లూ ఒకేసారి రావు. చిన్న పనులకు అది చాలు. కొలతలు లేనిచోట ఊరివాళ్లనే అడుగుతారు. గుడి గోడ మీద మిగిలిన బురద చార, తుమ్మకొమ్మలకు చిక్కుకున్న గడ్డి, ‘ఇదిగో ఇక్కడిదాకా వచ్చింది’ అని ముసలాయన చూపించిన రాయి, వీటి ఎత్తు తీసుకుని, నది వెడల్పు, లోతు, వాలు చూసి ఎంత పారిందో లెక్క కడతారు. నన్నడిగితే, ఆ ముసలాయన మాట ఇరవై ఏళ్ల రికార్డు కంటే విలువైనది.

పెద్ద డ్యాములకు ఇదీ చాలదు. మన దేశంలో రెండు టీఎంసీలకు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు) పైగా నిల్వ చేసేవాటికి ‘గరిష్ఠ సంభావ్య వరద’, అంటే అక్కడ రాగలిగిన అతి పెద్ద వరద ఎంతో లెక్క కట్టాలి. ఆ ప్రాంతంలో నమోదైన అతి పెద్ద తుఫాను వానను తీసుకుంటారు. గాలి ఇంకా ఎంత తేమ మోయగలదో చూసి ఆ వానను పెంచుతారు. దాన్ని సరిగ్గా ఆ నదిలోకి నీళ్లు వచ్చి చేరే పైతట్టు నేల మీదే కురిసినట్టు ఊహించి, డ్యాము దగ్గరికి ఏ గంటకు ఎన్ని నీళ్లు చేరతాయో లెక్క కడతారు. పోలవరానికి మొదట అనుకున్నది 36 లక్షలే. తర్వాత ఇలా లెక్కేస్తేనే 50 లక్షలైంది.

దండగ అంటావా? శ్రీశైలాన్ని 19 లక్షల క్యూసెక్కుల వరదకు లెక్కేశారు. 2009 అక్టోబరులో దాదాపు 25 లక్షలు వచ్చింది. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీళ్లు 896 దాటాయి. అది రాతి కట్టడం కాబట్టి తట్టుకుంది. మట్టికట్ట అలా కాదు. పైనుంచి నీళ్లు పొర్లితే గంటల్లో కోసుకుపోతుంది. 2021 నవంబరులో కడప జిల్లా అన్నమయ్య డ్యాము మట్టికట్ట కొట్టుకుపోయి కింది ఊళ్లు మునిగాయి. పోలవరంలోనూ నదికి అడ్డంగా వేసేది మట్టి, రాళ్ల కట్టే. దాన్ని కాపాడేది ఆ 48 గేట్లే.

మన మేఘాద్రి గెడ్డ జలాశయం సంగతి కూడా అడిగావు. గులాబ్ తుఫానుకు, 2021 సెప్టెంబరులో, ఇక్కడ ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి కురిసింది. ఒకప్పుడు పొలాలున్న పైతట్టులో ఇప్పుడు ఇళ్లు, సిమెంటు రోడ్లు. నేలలోకి ఇంకే నీళ్లు తగ్గాయి, గెడ్డలోకి వచ్చేవి పెరిగాయి, అదీ ముందుకంటే త్వరగా. ఒకే వానకు నా చిన్నప్పటి వరద వేరు, మీ వరద వేరు. కాబట్టి కట్టేసిన డ్యాములకు కూడా కొన్నేళ్లకోసారి ఈ లెక్క మళ్లీ వేయాలి. గేట్లు చాలవని తేలితే అదనంగా అలుగు కట్టాలి, లేదా కట్ట ఎత్తు పెంచాలి.

మీ తాతయ్య